ఫాగింగ్ బండి ఏటా వస్తోంది, డెంగ్యూ ఎందుకు పోవట్లేదు?

ప్రశ్న: మా కాలనీలో వానలు మొదలయ్యాక డెంగ్యూ కేసులు రావడం, పేపర్లో పడ్డాక ఫాగింగ్ బండి వచ్చి పొగ కొట్టి పోవడం, ఏటా ఇదే తంతు. మున్సిపాలిటీ వాళ్ళు సరిగ్గా చేయట్లేదా, లేక జనమే శుభ్రత పాటించట్లేదా? ఇలాంటి వాటిని 'సిస్టమ్స్ థింకింగ్'తో చూడాలి అని ఎక్కడో చదివాను. అదేంటో డెంగ్యూ మీదే పెట్టి చెప్పండి. (ఒక పాఠకురాలు, వరంగల్)

జవాబు: తప్పు వాళ్ళదా మనదా అని తేల్చేద్దాం అనుకుంటే అసలు సంగతి చేయి జారిపోతుందండీ. ఏది దేన్ని పుట్టిస్తోంది, అది తిరిగొచ్చి మళ్ళీ దేన్ని పెంచుతోంది అని వరసగా పట్టుకుని చూడటమే మీరు చదివిన ఆ సిస్టమ్స్ థింకింగ్.

దోమ దగ్గర మొదలుపెడదాం. డెంగ్యూని మోసే ఏడిస్ ఈజిప్టై మురిక్కాలవ దోమ కాదు, మనం దాచుకున్న శుభ్రమైన నీళ్ళే దానికి కావాలి, డ్రమ్ములు, గోళేలు, మూత సరిగ్గా లేని సంపులు, ఎయిర్ కూలర్, ఫ్రిజ్ వెనక ట్రే. మన వేడికి గుడ్డు నుంచి దోమ అవ్వడానికి వారం, పది రోజులు చాలు. పుట్టిన చోటి నుంచి ఎక్కువ దూరం కూడా పోదు, మామూలుగా ఓ వంద రెండొందల మీటర్లు, అంటే మిమ్మల్ని కుట్టిన దోమ దాదాపు మీ వీధిలో పుట్టిందే.

మరి నీళ్ళు ఎందుకు దాచుకుంటున్నాం? నల్లా రోజూ రాదు కాబట్టి. హైదరాబాద్‌లోనే చాలా ఏరియాల్లో రోజు విడిచి రోజు నీళ్ళు, చిన్న టౌన్లలో ఇంకా గ్యాప్ ఎక్కువ. మళ్ళీ ఎప్పుడు వదుల్తారో నమ్మకం లేనప్పుడు ఏ ఇంట్లో అయినా రెండు డ్రమ్ములు ఎక్కువే పట్టి పెడతారు, అది బద్ధకమూ కాదు అజ్ఞానమూ కాదు. వదిలిన ఆ గంటలో అందరూ ఒకేసారి పట్టుకుంటారు, కొందరు నల్లాకి మోటార్ బిగిస్తారు, ప్రెషర్ పడిపోయి చివరి ఇళ్ళకి సన్నగా వస్తాయి, ఆ భయంతో వాళ్ళు ఇంకో రెండు డ్రమ్ములు కొంటారు. ఇలా తన్ని తానే పెంచుకుంటూ పోయే దాన్నే ఫీడ్‌బ్యాక్ లూప్ అంటారు. మన డెంగ్యూ చాలావరకు ఈ లూప్‌లోనే తయారవుతోందని నేను గట్టిగా నమ్ముతాను.

ఇంకోటి ఆలస్యం. దోమ పుట్టడానికి ఓ వారం, అది జ్వరం ఉన్న మనిషిని కుట్టాక వైరస్ దాని ఒంట్లో ముదరడానికి 8 నుంచి 12 రోజులు, అది మనల్ని కుట్టాక జ్వరం రావడానికి 4 నుంచి 10 రోజులు, తర్వాత టెస్టు, రిపోర్టు. అంటే ఇవాళ లెక్కల్లో కనిపించిన కేసు కనీసం మూడు వారాల కిందటి నీళ్ళది. అప్పుడొస్తుంది ఫాగింగ్ బండి, వీధిలో ఎగిరే దోమలు కొన్ని చస్తాయి, ఇంట్లో కర్టెన్ల వెనక, మంచాల కింద ఉన్నవి బతికిపోతాయి, డ్రమ్ము నీళ్ళలో గుడ్ల నుంచి వచ్చిన దోమ పురుగులకైతే పొగ తగలనే తగలదు. ఈలోగా చలి మొదలై కేసులు వాటంతటవే తగ్గుతాయి, పొగ వల్లే తగ్గాయని అందరూ అనుకుంటారు, వచ్చే ఏడాది డబ్బు మళ్ళీ పొగకే పోతుంది. ఇది రెండో లూప్, నాకు బాధ కలిగించేది కూడా ఇదే, ఎందుకంటే పొగ కంటికి కనిపిస్తుంది, పైపులైను కనిపించదు.

వియత్నాంలోని ఖాన్ హోవాలో చేసిన ఒక పెద్ద అధ్యయనం 2011లో వచ్చింది. చదరపు కిలోమీటరుకి 3,000 నుంచి 7,000 మంది ఉండి, కుళాయి నీళ్ళు సరిగ్గా లేని చోట్ల డెంగ్యూ ముప్పు బాగా ఎక్కువని తేలింది. మన ఊళ్ళ చుట్టూ కొత్తగా లేచిన కాలనీలు చాలా ఇలాగే ఉంటాయి కదా. కానీ మన దగ్గర నీళ్ళ టైమింగ్ చూసేది ఒక శాఖ, జ్వరాలు చూసేది ఇంకో శాఖ, నల్లా షెడ్యూల్ మీటింగ్‌లో దోమల పని చూసే మలేరియా ఆఫీసర్‌కి కుర్చీ వేసే అలవాటే లేదు. ఒడిశాలోని పూరీలో 2021 నుంచి 24 గంటలూ తాగే నీళ్ళు కుళాయిలోనే ఇస్తున్నారు, కాబట్టి మన దేశంలో కుదరదు అనే మాట నేను ఒప్పుకోను.

ప్రశ్న: శుక్రవారం డ్రై డే అని ఏఎన్ఎం, ఆశా వచ్చి డ్రమ్ములు పారబోయమంటారు. నాలుగు రోజులకోసారి నీళ్ళొచ్చే మా వీధిలో పారబోసి ఏం తాగాలి? (ఒక పాఠకుడు, నెల్లూరు జిల్లా)

జవాబు: మీ కోపం న్యాయమైందే. వారానికోసారి ఎందుకంటే పురుగు దోమ అయ్యేలోపు దాని సైకిల్ తెంపాలని, ఆ లెక్క కరెక్టే. కానీ నీళ్ళు మీకు గురువారం వచ్చి ఉంటే శుక్రవారం పారబోయమంటే ఎవరు వింటారు? మీ లైనుకి నీళ్ళొచ్చే రోజు పొద్దున్నే, డ్రమ్ము ఎలాగూ అడుగంటి ఉంటుంది కాబట్టి, అప్పుడు కడిగించాలి, డ్రై డే వార్డుకో రకంగా పెట్టాలి. దీనికి పైసా ఖర్చు లేదు, వాటర్ లైన్‌మన్ షెడ్యూల్ ఆశా చేతిలో ఉంటే చాలు, మీ కౌన్సిలర్‌ని ఇదే అడగండి. ఇంకో ముఖ్యమైన విషయం, ఒట్టిగా పారబోస్తే సరిపోదు. గుడ్లు నీటి అంచుకి కాస్త పైన గోడకి అతుక్కుని ఉంటాయి, ఎండినా నెలల తరబడి చావవు, మళ్ళీ నీళ్ళు తగలగానే పొదుగుతాయి. అందుకని పీచు పెట్టి లోపల గోడలు గట్టిగా తోమాలి, తర్వాత పాత నూలు చీర ముక్క మీద కప్పి తాడుతో బిగించాలి. పెద్ద తొట్లు, వాడని బావులైతే దోమ పురుగుల్ని తినే గంబూసియా చేపలు వదలమని మలేరియా విభాగం వాళ్ళని అడగండి.

ప్రశ్న: సింగపూర్‌లా ఫైన్లు వేస్తే దెబ్బకి దారికి రారా? (ఒక పాఠకుడు, విజయవాడ)

జవాబు: సింగపూర్ 1968లోనే చట్టం చేసింది, ఇళ్ళు తనిఖీ చేసింది, దోమ పురుగులు దొరికే ఇళ్ళని 2 శాతం దగ్గరికి దించింది. ఓ పదిహేనేళ్ళు డెంగ్యూ బాగా తగ్గింది కూడా. తర్వాత 1990ల నుంచి మళ్ళీ పెరిగింది, 2020లో 35 వేలకు పైగా కేసులు వచ్చాయి. కారణాల్లో ఒకటేంటంటే, చాలా ఏళ్ళు జబ్బు రాకపోతే జనంలో రోగనిరోధక శక్తి తగ్గిపోతుంది, అప్పుడు కొన్ని దోమలున్నా సరే మంట అంటుకుంటుంది. పైగా డెంగ్యూ వైరస్ నాలుగు రకాలు, ఒకటి వచ్చి పోయాక ఇంకో రకం వస్తే ప్రమాదం ఎక్కువ. దోమల్ని తగ్గించొద్దని కాదు నేను చెప్పేది, ఒకసారి తగ్గించాక ఏ ఏడాదీ చేయి వదలకూడదు అంటున్నా. సింగపూర్ వాళ్ళు కూడా చట్టంతో ఆగలేదు, 2016 నుంచి వోల్బాకియా అనే బ్యాక్టీరియా ఉన్న మగ దోమల్ని వదులుతున్నారు, వీటితో కలిసిన మామూలు ఆడ దోమల గుడ్లు పొదగవు. ఇండోనేషియాలోని యోగ్యకర్తలో ఆ బ్యాక్టీరియా ఉన్న ఆడ, మగ రెండూ వదిలారు, అది ఉన్న దోమ ఒంట్లో డెంగ్యూ వైరస్ సరిగ్గా పెరగదు, డెంగ్యూ 77 శాతం తగ్గిందని 2021లో ఫలితాలు వచ్చాయి. ఇక మన సంగతికొస్తే, నీళ్ళు టైముకి ఇవ్వకుండా, దాచుకున్నందుకు ఫైన్ వేస్తే అది పేదవాళ్ళ మీదే పడుతుంది. ఫైన్ వేయాలంటే ముందు కట్టడం మధ్యలో ఆపేసిన బిల్డింగుల్లో లిఫ్టు గుంతల దగ్గర, పాత టైర్ల గోడౌన్ల దగ్గర మొదలుపెట్టమని చెప్తాను.