సైన్స్ బౌల్‌కి ఏం చదివించాలి? ఇంట్లోకి బజర్ సెట్ కొనాలా?

మీ అమ్మాయి నైన్త్ గ్రేడ్‌లో స్కూల్ సైన్స్ బౌల్ (అమెరికాలో స్కూలు పిల్లల టీమ్‌లు బజర్ నొక్కి ఆడే సైన్స్ క్విజ్) టీమ్‌లో చేరిందనీ, ఏం చదివించాలో, బజర్ సెట్ కొనాలో వద్దో తెలియట్లేదనీ అడిగారు. మావాడు హైస్కూల్ నాలుగేళ్ళూ ఆడాడు. నేను చదివింది బీకాం. అయినా ఇంట్లో ప్రశ్నలు చదివిపెట్టే డ్యూటీ నాదే.

పుస్తకాల కంటే ముందు రూల్స్ చదివించండి. మొదటి ఏడాది మేం అది చెయ్యకే దెబ్బతిన్నాం. టాసప్‌కి, అంటే రెండు టీమ్‌లలో ముందు బజర్ నొక్కినవాళ్ళు చెప్పే ప్రశ్నకి, 4 పాయింట్లు. అది సరిగ్గా చెప్పిన టీమ్‌కే 10 పాయింట్ల బోనస్ ప్రశ్న. రీజినల్స్‌లో, అంటే ప్రాంతీయ పోటీల్లో, "బృహస్పతి ఉపగ్రహాల్లో..." అని వినపడగానే మావాడు బజర్ నొక్కి "గానిమీడ్" అనేశాడు. అన్నిటికంటే పెద్దది కదా, అదే అడుగుతారనుకున్నాడట. తీరా అడిగింది అగ్నిపర్వతాలు విపరీతంగా ఉన్న దాని గురించి, అంటే అయో. ప్రశ్న పూర్తికాకుండా నొక్కి తప్పు చెబితే 4 పాయింట్లు అవతలివాళ్ళకి వెళ్ళిపోతాయి. పైగా వాళ్ళకి ప్రశ్న మొత్తం మళ్ళీ చదువుతారు. వాళ్ళు చెప్పేశారు, ఇంకో 4. బోనస్ కూడా కొట్టేశారు, 10. ఒక్క తొందరపాటుకి 18 పాయింట్లు! ఇంటికొచ్చేదాకా కారులో నోరు విప్పలేదు.

బజర్ నొక్కాక కూడా ప్రశ్నలు చదివే మోడరేటర్ పిలిచేదాకా ఆగాలి. ముందే నోరు జారితే సరైన జవాబైనా చెల్లదు. మల్టిపుల్ ఛాయిస్‌లో డబ్ల్యూ, ఎక్స్, వై, జెడ్ అని అక్షరం చెబితే చాలు. మాటల్లో చెప్పబోతే వాళ్ళ కాగితంలో ఉన్నది ఉన్నట్టు రావాలి.

ఇక చదువు. ఆడేది నలుగురు, ఇంకొకరు ఆల్టర్నేట్. అందరూ అన్నీ చదవక్కర్లేదు, పంచుకుంటారు. ఫిజిక్స్, మ్యాథ్ సీనియర్లు ఎలాగూ వదలరు. కొత్తపిల్లకి ఎర్త్ అండ్ స్పేస్ మంచిదని నా అభిప్రాయం. దానికి ఏపీ కోర్సు లేదు (మన ఏపీ కాదండోయ్, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు), అందుకని పిల్లలు పెద్దగా పట్టించుకోరు. రాళ్ళు, గాలులు, నక్షత్రాలు ఒక చలికాలం శ్రద్ధగా చదివితే టీమ్‌లో ఆ పిల్ల మాటకి విలువొస్తుంది.

పాత ప్రశ్నలు అమెరికా ప్రభుత్వ డిపార్ట్‌మెంట్ ఆఫ్ ఎనర్జీ సైట్‌లోనే ఉచితంగా దొరుకుతాయి. 1991 నుంచి ఈ పోటీ నడుపుతున్నది వాళ్ళే. అయితే కళ్ళతో చదివితే పెద్ద లాభం లేదు, చెవిన పడాలి. నేను దోసెలు పోస్తూ చదివేదాన్ని. "స్ట్రాటిగ్రఫీ"ని (రాతిపొరల శాస్త్రం) నేను పలికిన తీరుకి వాడు పొట్ట పట్టుకుని నవ్వేవాడు. నవ్వితే నవ్వాడు, పోటీలో చదివేవాళ్ళు మాత్రం అందరూ ఒకేలా పలుకుతారా?

బజర్ సెట్ కొనకండి, స్కూల్లో ఉంటుంది. మా ఇంట్లో స్టీలు గ్లాసు, చెంచా. టాసప్‌కి 5 సెకన్లు, బోనస్‌కి 20, ఫోన్లో చూసుకునేవాళ్ళం. ఆ గ్లాసుకి సొట్టలు పడ్డాయి. కాలేజీ నుంచి సెలవులకి వస్తే వాడికి మజ్జిగ ఇప్పటికీ అందులోనే కావాలి.