కిటికీల పనికి గట్టర్ల పని జోడిస్తే ధర ఎంత చెప్పాలి?

అమెరికాలో క్లీనింగ్ వ్యాపారం చేస్తున్న తెలుగువారి నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి. కిటికీల అద్దాలు తుడిచేవాళ్లు చూరు వెంట ఉండే గట్టర్లలోని (వాన నీటి తొట్టెల్లోని) చెత్త కూడా తీయడం మొదలుపెడితే రేటు ఎలా కట్టాలి, ఎక్కడ దెబ్బతింటారు అన్నదే ఆ విషయం. వాటికి జవాబులు ఇవి.

ప్రశ్న: జార్జియాలోని కమ్మింగ్‌లో ఇళ్ల కిటికీలు శుభ్రం చేస్తుంటాను. "పనిలో పనిగా గట్టర్లు కూడా తీసేయండి, ఎంతవుతుంది?" అని కస్టమర్లు అడుగుతున్నారు. అడుగుకు ఒక డాలరు చెబుతున్నాను. కొన్ని ఇళ్లలో బాగానే మిగులుతోంది, కొన్నిచోట్ల కూలి కూడా గిట్టడం లేదు. సరైన రేటు ఎంత?

జవాబు: అడుగు లెక్క కస్టమర్‌కి చెప్పడానికి సులువు గానీ, మీరు ధర కట్టుకోవడానికి అది చాలదండి. గట్టర్ పొడవు రెండిళ్లలో ఒకటే ఉన్నా నిచ్చెన ఎన్నిసార్లు జరపాలి, ఎంత ఎత్తుకి ఎక్కాలి అన్నవి వేరుగా ఉంటాయి. మీ సమయం పోయేది అక్కడే. అందుకే ముందు నిమిషాలు లెక్కపెట్టండి, ఆ తర్వాత డాలర్లలోకి మార్చండి.

నిచ్చెన మీద నిలబడి, బొడ్డు రెండు నిలువు కర్రల మధ్యనుంచి బయటికి పోకుండా, చెయ్యి చాపితే అటు మూడడుగులు, ఇటు మూడడుగులు అందుతుంది. అంటే ఒక్కో నిలుపుకి ఆరడుగులు. ఒక ఇంటికి మొత్తం 150 అడుగుల గట్టర్ ఉందనుకోండి. అందులో గరాజ్, వరండా మీద 60 అడుగులు కింది అంతస్తులోనూ, మిగతా 90 అడుగులు పై అంతస్తులోనూ ఉన్నాయి. కింద 10 నిలుపులు, ఒక్కోదానికి 3 నిమిషాల చొప్పున 30 నిమిషాలు. పైన 15 నిలుపులు. 28 అడుగుల నిచ్చెన దించి, జరిపి, మళ్లీ నిలబెట్టాలి కాబట్టి ఒక్కోదానికి 5 నిమిషాలు వేసుకుంటే 75 నిమిషాలు. అయిదు డౌన్‌స్పౌట్లలో (గట్టర్ నీళ్లని కిందికి దించే నిలువు పైపుల్లో) నీళ్లు పోసి చూడటానికి 20 నిమిషాలు. కింద పడ్డ చెత్త ఊడ్చి, సంచుల్లో కట్టి, ఫొటోలు తీయడానికి 25. అన్నీ కలిపితే 150 నిమిషాలు, అంటే రెండున్నర గంటలు.

ఇక గంటకి ఎంత రావాలి? ఉదాహరణకి ఇలా వేసుకోవచ్చు: పనిచేసే మనిషికి 28 డాలర్లు, జీతం మీద యజమాని కట్టే పేరోల్ పన్నులకి, ఇన్సూరెన్స్‌లకి 12, బండికి, సామానుకి 10, ఫోన్లు, కొటేషన్లు, దారిలో పోయే గంటలకి 15, వ్యాపారానికి మిగలాల్సింది 15. మొత్తం 80. పై ఇంటికి రెండున్నర గంటలంటే 200 డాలర్లు. అడుగుకి లెక్కేస్తే 1.33 అవుతోంది. మీరు ఒక డాలరు చొప్పున 150కే చేస్తే ఆ 50 మీ చేతి నుంచి పడుతున్నట్టే. అదే 150 అడుగులు ఒకే అంతస్తు ఇంటికి ఉంటే నిచ్చెన పని 75 నిమిషాల్లో అయిపోతుంది, మొత్తం రెండు గంటల్లో తేలిపోతుంది, 160కి గిట్టుతుంది. మీ ఖర్చులు వేరుగా ఉంటే అంకెలు మార్చుకోండి, లెక్క పద్ధతి మాత్రం ఇదే.

ఎంత చిన్న ఇల్లయినా ఒక కనీస ధర పెట్టుకోండి. గంటకి 80 వేసుకుంటే 120కి తక్కువ ఒప్పుకోవద్దు. నలభై అడుగుల గట్టర్‌కైనా నిచ్చెన దించాలి, గ్లవ్స్ వేసుకోవాలి, చెత్త ఎత్తాలి.

ప్రశ్న: ఎలాగూ కిటికీల పనికి వెళ్తున్నాం కదా, గట్టర్లకి సగం ధర తీసుకుంటే ఎక్కువమంది ఒప్పుకుంటారని మా భాగస్వామి అంటున్నారు. మీరేమంటారు?

జవాబు: వద్దండి. కిటికీలతో కలిపి చేస్తే మీకు కలిసొచ్చేది ప్రయాణం ఒక్కటే. పై ఉదాహరణలో గట్టర్ల కోసమే ప్రత్యేకంగా వెళ్లాల్సివస్తే అరగంట ప్రయాణానికి 40 డాలర్లు కలిపి 240 చెప్పాలి. కలిపి చేస్తే 200. తగ్గించగలిగింది ఆ 40 మాత్రమే. నిచ్చెన మీద గడిపే సమయం తగ్గదు, పడిపోయే ప్రమాదమూ తగ్గదు. సగం ధరకి చేస్తే గట్టర్లు తీసిన ప్రతిసారీ కిటికీల మీద సంపాదించింది అందులో పోస్తున్నట్టే. "విడిగా అయితే 240, ఈ రోజే చేయించుకుంటే 200" అని రెండు అంకెలూ కాగితం మీద పక్కపక్కన రాసివ్వండి. ఎందుకు తగ్గిందో కస్టమర్‌కి అర్థమవుతుంది, వచ్చే ఏడు అసలు ధర అడగడానికి మీకు నోరుంటుంది.

ఏడాదికి రెండుసార్లు చేయించుకుంటామనేవాళ్లకి రెండోసారి ఇంకాస్త తగ్గించడం న్యాయమే, ఎందుకంటే ఆరు నెలల చెత్త నిజంగానే త్వరగా వస్తుంది. మూడేళ్లుగా ముట్టని గట్టర్‌లో ఆకులు కుళ్లి మట్టిలా గట్టిపడి ఉంటాయి. మొక్కలు మొలిచి ఉంటే సమయం ఒకటిన్నర రెట్లు వేసుకోండి.

ప్రశ్న: ఇంటి ముందు నుంచి చూసి ధర చెప్పేశాను. వెనక్కి వెళ్తే గట్టర్ల మీద జాలీలు బిగించి ఉన్నాయి. ఇలాంటప్పుడు ఏం చేయాలి?

జవాబు: ఇల్లంతా చుట్టి రాకుండా ధర చెప్పకండి. కుదరకపోతే వెనకవైపు ఫొటోలు పంపమనండి. ఆ జాలీలు, అంటే గట్టర్ గార్డులు, ఒకటే రకం కాదు. నొక్కి పెట్టిన ప్లాస్టిక్ జాలీ అయితే చేత్తో ఊడుతుంది, పది అడుగులు తీసి మళ్లీ పెట్టడానికి నాలుగైదు నిమిషాలు. సన్న మెష్‌ని స్క్రూలతో బిగిస్తే డ్రిల్‌తో ఒక్కోటీ విప్పాలి, ధర దాదాపు రెట్టింపవుతుంది. కప్పు మీద పరిచే పలకల (షింగిల్స్) కిందికి దూర్చి పెట్టిన రకాన్ని కదపకపోవడమే మంచిది. షింగిల్ లేస్తే కారే కప్పుకి మీరు బాధ్యులవుతారు. పైగా వేరేవాళ్లు విప్పితే వారంటీ పోతుందని చెప్పే గార్డు కంపెనీలూ ఉన్నాయి. అలాంటి ఇంట్లో పైపైన బ్రష్‌తో ఊడ్చి, "లోపల తీయలేదు" అని బిల్లులో రాయండి. విప్పమని కస్టమరే కోరితే ఆ మాట రాతపూర్వకంగా తీసుకోండి.

ప్రశ్న: గట్టర్లు తీసి వచ్చాక రెండో రోజు వానకి నీళ్లు పొంగాయి, మీరే పైపులో చెత్త తోశారని కస్టమర్ గొడవ. డబ్బు వెనక్కివ్వాలా? (ఎడిసన్, న్యూజెర్సీ)

జవాబు: ఈ గొడవ రాకుండా చేసే పని మొదటి పది నిమిషాల్లోనే ఉంది. చెత్త ముట్టకముందే ప్రతి డౌన్‌స్పౌట్‌లోనూ హోస్‌తో నీళ్లు పోయండి. కింద ధారగా వస్తే సరే, రాకపోతే వీడియో తీసి అప్పుడే ఇంటివాళ్లకి చూపించండి. ఇప్పుడు మీ దగ్గర అలాంటి ఆధారం లేదు కాబట్టి మళ్లీ వెళ్లి ఉచితంగా పైపు తెరిచి ఇవ్వండి. డబ్బు వాపసు దాకా పోవాల్సిన అవసరం సాధారణంగా రాదు.

డౌన్‌స్పౌట్ మూసుకుపోయేది ఎక్కువగా పైన ఉండే వంపులోనో, నేల దగ్గరి వంపులోనో. చేత్తో తట్టుకుంటూ రండి, చెత్త ఉన్నచోట చప్పుడు మొద్దుగా వస్తుంది. పైనుంచి నీళ్లు బలంగా కొడితే ముద్ద ఇంకా బిగుసుకుంటుంది. కింది వంపు స్క్రూలు విప్పి, హోస్‌ని కిందినుంచి పైకి పంపితే వచ్చిన దారినే వదులై బయటికి వస్తుంది. నీళ్లు పోసి చూడటం మీ ధరలో భాగం, విప్పి తెరవడం కాదు. ఒక్కో పైపుకి 25 నుంచి 35 డాలర్లు అని ముందే కొటేషన్‌లో ఉండాలి. డౌన్‌స్పౌట్ నేలలో పూడ్చిన నల్ల ప్లాస్టిక్ గొట్టంలోకి దిగుతుంటే చెత్తని అందులోకి ఎప్పుడూ కడగకండి. దాని ముడతల్లో ఆకులు ఇరుక్కుంటే తీయడానికి డ్రెయిన్ మిషన్ కావాలి. అది డ్రెయిన్లు బాగుచేసేవాళ్ల పని, మీది కాదు.

ప్రశ్న: ముందు కిటికీలా, ముందు గట్టర్లా?

జవాబు: గట్టర్లే ముందు. ముద్ద తీస్తుంటే గోడ మీదా, అద్దం మీదా నల్లటి చుక్కలు పడతాయి. కడిగాక కూడా మూలల అతుకుల నుంచి కాసేపు నీళ్లు కారుతూనే ఉంటాయి. అందుకే గట్టర్ చివరగా కడిగిన వైపు కాకుండా మొదట కడిగిన వైపు నుంచి అద్దాలు మొదలుపెట్టండి. ఈ వరస తప్పితే అద్దాలు మళ్లీ తుడవాలి, దానికి ఎవరూ డబ్బివ్వరు.

ప్రశ్న: లోపల శుభ్రంగా తీశాం. బయట నల్ల చారలు అలాగే ఉన్నాయని కస్టమర్ బిల్లు ఆపేశారు.

జవాబు: కొటేషన్‌లో "లోపలి చెత్త మాత్రమే" అన్న మాట లేకపోతే ఈ తగాదా ప్రతి వీధిలోనూ వస్తుంది. ఆ చారలు మామూలు సబ్బుకి పోవు. వాటికి ప్రత్యేకమైన క్లీనర్, మెత్తని బ్రష్, వెంటవెంటనే కడగడం కావాలి. అడుగుకి వేరే ధర పెట్టండి. ముందు గట్టర్‌ని వేలితో రుద్ది చూడండి. తెల్లటి పొడి అంటితే పెయింట్ పాతబడి సున్నంలా రాలుతోందని అర్థం. అలాంటి గట్టర్‌ని గట్టిగా రుద్దితే మచ్చలు మచ్చలుగా తేలుతుంది, అప్పుడు కొత్త పెయింట్ ఖర్చు మీ మీదికి వస్తుంది. కనిపించని మూల ఒక అడుగు చేసి చూపించి, ఒప్పుకుంటేనే ముందుకి వెళ్లండి.

ప్రశ్న: డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. కిటికీల పనికి లయబిలిటీ ఇన్సూరెన్స్ ఉంది. గట్టర్లకి అది చాలదా? సాయానికి ఇక్కడ చదువుకుంటున్న తెలుగు అబ్బాయిని పెట్టుకోవచ్చా? సేల్స్ టాక్స్ వేయాలా?

జవాబు: ఇన్సూరెన్స్ ఏజెంట్‌కి రెండు విషయాలు ఈమెయిల్‌లో రాసి అడగండి: ఎంత ఎత్తులో పనిచేస్తారో, కప్పు మీదికి ఎక్కుతారో లేదో. కప్పు పనిని, ఒక ఎత్తు దాటిన పనిని మినహాయించే పాలసీలు ఉంటాయి. టెక్సస్‌లో ప్రైవేటు యజమానికి వర్కర్స్ కాంప్ (పనిలో గాయపడ్డవాళ్లకి వైద్యం, జీతం ఇచ్చే ఇన్సూరెన్స్) తప్పనిసరి కాదు. కానీ పనివాడు పడిపోయి, అది లేని యజమాని మీద కోర్టుకెళ్తే యజమానికి మామూలుగా ఉండే కొన్ని వాదనలు కూడా చట్టం ప్రకారం దక్కవు. తీసుకోవడమే మంచిది. జార్జియాలో ముగ్గురు పనివాళ్లుంటే తప్పనిసరి.

విద్యార్థి సంగతి సూటిగా చెబుతాం: వద్దు. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లు అనుమతి లేకుండా క్యాంపస్ బయట పనిచేస్తే వాళ్ల స్టేటస్ పోతుంది. మీరు పనిలో చేర్చుకునే ప్రతి మనిషికీ, పనిచేసే అనుమతి ఉందని చూసే ఐ-9 ఫారం నింపాలి. క్యాష్ ఇచ్చి పనిచేయించుకున్న పిల్లాడు ఇరవై అడుగుల మీంచి పడితే అతనికి వైద్యం ఖర్చు ఎవరిస్తారు? కన్నవాళ్లు అప్పు చేసి పంపిన పిల్లల్ని ఆ నిచ్చెన ఎక్కించకండి.

టాక్స్: టెక్సస్‌లో ఇంటి బయటి శుభ్రత పనులకి సేల్స్ టాక్స్ ఉంది, స్థానిక పన్నుతో కలిపి 8.25 శాతం దాకా. న్యూజెర్సీలో 6.625 శాతం. జార్జియాలో ఇలాంటి సేవలకి లేదు. ధర చెప్పేటప్పుడు "టాక్స్ అదనం" అనడం మరిచిపోతే అది మీ లాభంలోంచే కట్టాలి.

మీ ఊరికి ఇంకో మాట. డల్లాస్‌లో లైవ్ ఓక్ చెట్లు ఆకు రాల్చేది శీతాకాలం మొదట్లో కాదు, ఫిబ్రవరి, మార్చిలో. వెంటనే పూతా రాలుతుంది. నవంబరులోనే అందరికీ చేసేస్తే ఆ ఇళ్లకి వసంతంలో మళ్లీ వెళ్లాలి. న్యూజెర్సీలో ఓక్ ఆకులు పూర్తిగా రాలేసరికి నవంబరు చివరవుతుంది, ఆ తర్వాత గడ్డకట్టేలోపు తీసేయాలి.

ప్రశ్న: నిచ్చెన గట్టర్‌కి ఆనిస్తే నొక్కుకుపోతోంది. ఏది కొనాలి?

జవాబు: 300 పౌండ్ల బరువు మోసే 1ఎ రకం ఫైబర్‌గ్లాస్ నిచ్చెన, దానికి గోడకో కప్పుకో ఆనే స్టెబిలైజర్ కొనండి. అల్యూమినియం గట్టర్ మీద ఎప్పుడూ ఆనించవద్దు. నాలుగడుగుల ఎత్తుకి ఒక అడుగు చొప్పున కింది పాదం బయటికి ఉండాలి: 16 అడుగుల ఎత్తులో ఆనితే 4 అడుగులు. వీధి స్తంభం నుంచి ఇంటికి వచ్చే కరెంటు తీగ తరచుగా చూరు దగ్గరే తగులుకుని ఉంటుంది. దానికి పది అడుగుల దూరం పాటించండి, తడి హోస్ చేతిలో ఉన్నప్పుడు మరీ. మూడో అంతస్తుకి నిచ్చెన వద్దు. నేల మీదే నిలబడి తీసే కార్బన్ గొట్టాల వాక్యూమ్, కెమెరా ఉంటే చేయండి, లేదంటే ఆ ఇల్లు వదిలేయండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఆఫీసుల అద్దాలు తుడిచే ఏజెన్సీ మాది. ఇలాంటి అదనపు పని మాకేమైనా ఉందా?

జవాబు: స్లాబ్ ఇళ్లకి చూరు గట్టర్లు ఉండవు గానీ, రేకుల షెడ్లకి రెండు కప్పుల మధ్య లోయలా వాన నీటి తొట్టి ఉంటుంది. జూన్ వానలకి ముందు దాన్ని తీయించుకోవాల్సిన గోదాములు పారిశ్రామికవాడల్లో ఎన్నో ఉన్నాయి. మే నెలలో వెళ్లి అడగండి. ధరని మనుషుల గంటలతోనే కట్టండి, చెత్త తరలించే ఆటో ఖర్చు విడిగా రాయండి. సిమెంటు రేకుల మీద నేరుగా కాలు పెట్టనివ్వకండి. పాతవి ఒక్కసారిగా విరుగుతాయి. కింద దూలాల మీద ఆనేలా పలకలు పరిచి, ఒంటికంతా పట్టే హార్నెస్ (భుజాలకీ తొడలకీ బిగించే పట్టీలు), బలమైన చోట కట్టిన తాడు ఉంటేనే మనిషిని ఎక్కించండి. వాటి ఖర్చు కొటేషన్‌లో మొదటి వరసలో రాయండి.