లివర్‌పూల్ రేవును చదవబోయే శిరీషకు

చిరంజీవి శిరీషకు ఆశీస్సులు.

పాత కట్టడాల పునరుద్ధరణపై పరిశోధనకు లివర్‌పూల్‌ను ఎంచుకున్నావని మీ నాన్న చెప్పగా విని సంతోషించాను. రేవు పనుల్లో ముప్ఫై ఏళ్ళు గడిపినవాణ్ణి కనుక కొన్ని మాటలు రాస్తున్నాను.

ముందుగా మెర్సీ నది ఒడ్డున నిలబడి ఒక ఆటు, ఒక పోటు పూర్తిగా చూడు. నీటిమట్టం పది మీటర్ల దాకా మారే ఆ నదిలో ఓడలు నిలకడగా సరుకు దించుకోలేకపోయేవి. అందుకే థామస్ స్టీర్స్ అనే ఇంజనీరు మన కాలువ లాకుల మాదిరిగా తలుపులు పెట్టి నీటిని లోపల నిలిపే డాక్‌ను రూపొందించగా, అది 1715లో తెరుచుకుంది. వాణిజ్య నౌకల కోసం అటువంటిది ప్రపంచంలో అదే మొదటిది. దాని గోడలు నేటికీ లివర్‌పూల్ వన్ దుకాణ సముదాయం కింద ఉన్నాయి.

ఆ ఊరి సంపద ఎక్కడిదో తప్పక అడుగు. 18వ శతాబ్దం చివరినాటికి బానిస వ్యాపారంలో బ్రిటన్ రేవులన్నిటినీ మించినది అదే. ఈ సంగతిని ఒక్క వాక్యంతో దాటవేసే పరిశోధనను నేను గౌరవించలేను.

ఇక ఆల్బర్ట్ డాక్‌కు ఎక్కువ రోజులు కేటాయించు. అగ్నిప్రమాదాలకు తట్టుకునేలా ఇంజనీరు జెస్సీ హార్ట్లీ ఇనుము, ఇటుక, రాయితోనే, నిర్మాణంలో కలప వాడకుండా కట్టించిన ఆ గోదాములు 1846లో ప్రారంభమయ్యాయి. ఓడలు పెద్దవైన కొద్దీ అక్కడికి రాకపోకలు తగ్గి, 1972లో డాక్ మూతపడింది, ఒండ్రుతో పూడిపోయింది. 1981లో ఏర్పడిన మెర్సీసైడ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ అనే ప్రభుత్వ సంస్థ ఆ ఒండ్రు తోడించి, నీటిని మళ్ళీ నిలిపి, గోదాములను బాగుచేయించింది. 1988లో టేట్ చిత్రశాల అక్కడికి వచ్చింది. నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన పని నీటిని తిరిగి తేవడమే. నీరు లేని డాక్ ఒట్టి గొయ్యి.

అదే 1981లో, అక్కడికి దగ్గరలోని టాక్స్‌టెత్‌లో, నిరుద్యోగం, పోలీసుల తీరుపై ఆగ్రహం కలిసి అల్లర్లు చెలరేగాయి. రేవు మీద ఖర్చయిన డబ్బు ఆ వీధుల దాకా ఎంత చేరిందో అక్కడి పెద్దలను అడిగి తెలుసుకో. లివర్‌పూల్ రేవుకు 2004లో దక్కిన ప్రపంచ వారసత్వ హోదాను ఉత్తరపు డాకుల్లోని కొత్త నిర్మాణాల కారణంగా యునెస్కో 2021లో రద్దుచేసింది. ఆ చోట్లు స్వయంగా చూసేదాకా ఎవరి పక్షమూ తీసుకోవద్దు.

ఆల్బర్ట్ డాక్ గట్టున వరుసగా నిలిచిన పోత ఇనుప స్తంభాల చుట్టుకొలత టేపుతో కొలిచి, నాకు రాసి పంపు.

ఇట్లు,
మీ పెదనాన్న