చెయ్యి తట్టుడు ముందు నేర్చుకో

బిడ్డా,

మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు పెన్షన్ పని మీద బ్యాంకుల లైన్ల నిలబడ్డ, సక్కగ మాట్లాడలేకపోయిన. అందుకే రాస్తున్న.

హన్మకొండల మీ హాస్టల్ దగ్గరనే మార్షల్ ఆర్ట్స్ స్కూల్ ఉన్నది, పట్టుడు, కొట్టుడు రెండూ నేర్పుతరంట, చేరాల్నా పెద్దబాపూ అని అడిగినవ్. చేరు. కానీ పైసలు కట్టకముందు రెండు దినాలు పోయి గోడకు ఆనుకొని కూసొని చూడు. కప్పుల అల్మారా దిక్కు చూడకు, స్పారింగ్, అంటె ఇద్దరు ఎదురెదురుగ నిలబడి చేసే ఉత్తుత్తి పోటీ, ఎట్ల చేస్తున్నరో చూడు. పాత పిలగాడు కొత్తోన్ని ఎట్ల పట్టుకుంటున్నడు? కొత్తోని ముక్కు మీద గట్టిగ పడితే సారు ఆట ఆపుతడా, నవ్వుతడా? నవ్వితే చెప్పులేసుకొని ఇంటికి రా. పోయినేడు చేరినోళ్లు ఎంతమంది ఇంకా వస్తున్నరో కూడ అడుగు.

ఏడాది ఫీజు ఒక్కసారి కట్టమంటే కట్టకు, నెలనెలా కట్టు. మూణ్నెల్లకో బెల్టు, బెల్టుకో పరీక్ష ఫీజు అంటే అది వేరే యాపారం. బ్రెజిలియన్ జూజిట్సుల, అంటె కింద పడేసి పట్లు పట్టే ఆటల, బ్లాక్ బెల్టు రావాలంటే దగ్గర దగ్గర పదేండ్లు పడుతది. రెండేండ్లల్ల ఇస్తమన్నోని మాట నమ్మకు.

నేను కుస్తీ నేర్చింది మన ఖిలా వరంగల్ దిక్కు ఒక తాలీంల, అంటె కుస్తీ నేర్పే జాగల. పసుపు, నూనె, మజ్జిగ కలిపిన ఎర్రమట్టి. మొదటి నెలంతా ఉస్తాద్ నాకు ఒక్క పట్టు చెప్పలే. పొద్దున లేస్తే పారతోని మట్టి తవ్వుడు, దండీలు, బస్కీలు, మళ్ల మట్టి సాపు చేసుడు. చాకిరి చేపిచ్చుకుంటున్నడని తిట్టుకున్న. అరికాళ్లల్ల, నడుముల బలం ఎక్కడికెల్లి వచ్చిందో తర్వాత ఎరుకైంది.

కుస్తీల రెండు భుజాలు మట్టికి ఆనితే ఓడినట్టు. ఆగుమని చెయ్యి తట్టుడు అనేది మాకు తెల్వదు. ముప్పై ఏండ్లకు కాజీపేటల నౌకరి చేసేటప్పుడు జూడో నేర్చుకుందామని పోయిన. జూడోను 1882ల జపాన్ల జిగోరో కానో అనే పంతులు తయారు చేసిండు. వాళ్లు సియోనాగే అని చూపిచ్చిన ఎత్తు అచ్చం మా ధోబీ పఛాడ్ లెక్కనే ఉండె, బట్టను బండకేసి కొట్టినట్టు భుజం మీదికెల్లి ఏసుడు. ఇది నాకు వస్తదని గర్వమొచ్చింది.

నాలుగో దినం బక్కపలచటి డిగ్రీ పిలగాడు కింద పడి నా చెయ్యిని కాళ్ల నడుమ ఇరికిచ్చుకున్నడు. మోచేయి వాని నడుము మీద ఉన్నది, మణికట్టు వాని చేతులల్ల ఉన్నది. పిలగాడు ఆగి నా మొకం దిక్కు చూసిండు కూడ. ఇంత పహిల్వాన్ను, వీనికి తట్టాల్నా అని నేను గుంజిన. ఎండిన కందికట్టె ఇరిగినట్టు సప్పుడైంది. ఆరు వారాలు చాయ్ గ్లాసు కుడిచేత్తోని నోటిదాక రాలే. ఇప్పటికీ చలికాలం ఆ చెయ్యి పూర తిన్నగ కాదు. తప్పు ఆ పిలగానిది కాదు.

అందుకే మొదలు తట్టుడు నేర్చుకో. అవతలోని ఒంటి మీద, వానికి తెలిసేటట్టు, రెండు మూడు సార్లు తట్టాలె. చేతులు ఇరుకుంటే కాలుతోని చాప మీద కొట్టు, లేకుంటే నోటితోని ఒర్రు. మెడ పట్టుల రెండు దిక్కుల రక్తనాళాలు నొక్కుకుంటయి. పట్టు సరిగ పడితే పది సెకండ్లల్ల సోయి తప్పుతది, ఎంతసేపు ఓర్చుకుంటనో చూద్దాం అనుకునే టైమ్ ఉండదు. మడిమ పట్టుకొని మోకాలు మెలేసే పట్లు ఇంకా చెడ్డవి. నొప్పి తెలిసేసరికే లోపల మోకాలి లిగమెంటు తెగుతది. మొదటి రెండేండ్లు ఆ పట్లు వద్దని సారుకు సాఫ్ చెప్పు. నీ పట్టుల ఉన్నోడు తట్టిండంటే అప్పటికప్పుడే ఇడిచిపెట్టు, సారు చెప్పేదాక ఆగకు.

పడుడు కూడ నేర్వాలె. గదుమ రొమ్ముకు ఆనిచ్చి, ఈపు గుండ్రంగ చేసి, ముంజేయితోని చాపను కొట్టు. చెయ్యి ఎనుకకు ఆనిచ్చినవంటే మణికట్టు పోతది.

ఇగ కొట్టుడు. చేతి పట్టీ నాలుగున్నర మీటర్లది కొనుక్కో. బొటనవేలుకు ఉచ్చు ఏసి, మణికట్టుకు మూడు చుట్లు, పిడికిలి గుబ్బల మీద మూడు, వేళ్ల సందులకెల్లి ఒక్కొక్కటి, మిగిలింది మళ్ల మణికట్టుకు. పిడికిలి మూస్తే బిగుతుగ ఉండాలె, తెరిస్తే వేళ్లు తెల్లబడొద్దు. చూపుడువేలు, నడిమివేలు గుబ్బలతోని తాకాలె. చిటికెనవేలు దిక్కు తాకితే అరచేతి ఎముక ఇరుగుతది, కోపంతోని గోడను గుద్దే పిలగాళ్లకు ఇరిగేది గదే. స్పారింగ్‌కు పదహారు ఔన్సుల గ్లవ్సులు, నోట్ల గార్డు తప్పకుంట పెట్టుకో.

తలకు దెబ్బ తాకి కండ్లు మసకబారినా, వాంతి వచ్చినట్టున్నా, చెప్పిందే మళ్ల చెప్తున్నవని దోస్తులు అన్నా, ఆ దినం ఆట బంద్. ఎంజీఎం దవాఖానకు పో. డాక్టర్ సరే అనేదాక మళ్ల తల మీద దెబ్బ పడొద్దు. దీంట్ల నేను నీతోని బేరం చెయ్య.

మన నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్‌ను చూడు. 2017ల భుజం దెబ్బతోని చాన దినాలు రింగుకు దూరమైంది. తొందరపడి ఉంటే ఆ భుజం ఏమయ్యేదో! 2022ల ఇస్తాంబుల్‌ల, 2023ల ఢిల్లీల ప్రపంచ చాంపియన్ అయింది. నీకు మెడల్ అక్కర లేదు, పరీక్షలున్నయి, ఇంకా నింపాదిగ నేర్చుకో.

వానకాలం చాపల మీద తామర జల్ది అంటుతది. గోర్లు కత్తిరిచ్చుకో, ఆట అయినంక ఎంబడే తానం చెయ్యి, తడి బట్టలు సంచిల ముద్దజేసి పెట్టకు. ఒంటి మీద గుండ్రటి మచ్చ కనబడితే అది మానేదాక చాప మీదికి పోకు. బరువు తగ్గాలని నీళ్లు బంద్ చేసుడు, ప్లాస్టిక్ సూటు ఏసుకొని ఉరుకుడు అసలే వద్దు, మన ఎండలల్ల మనిషి పాణం మీదికొస్తది.

మీ అమ్మకు ఇయ్యన్నీ చెప్పకు. మోచేయి సంగతి ఆమెకు మెట్ల మీద పడ్డనని చెప్పిన, ఇప్పటికీ గదే ఎరుక.

నోటి గార్డు చీప్ రకం తీసుకోకు. ఏడినీళ్లల్ల ఏసి పండ్లతోని కొరికి అచ్చు తీసుకునేది తీసుకో. బిల్లు ఫోటో పంపు, ఫోన్‌పే చేస్త.

నీ పెద్దబాపు