చెవిటి కుక్కని తెచ్చుకుంటానన్న మా అమ్మడికి

అమ్మడూ,

షెల్టర్ వాళ్ళు ఆ తెల్ల కుక్క ఫోటో పంపారని, దానికి చెవులు వినపడవని, వెనక కాలు ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుందని, రెండు నెలలు ఫోస్టర్ చేస్తావా, అంటే దత్తత కుదిరేదాకా నీ దగ్గర ఉంచుకుంటావా అని అడిగారని రాశావు. చివర్లో "ఏం చెయ్యమంటావు మావయ్యా" అన్నావు. నీ సంగతి నాకు తెలీదా, ఈపాటికి ఒప్పేసుకునే ఉంటావు, నన్ను అడగడం మర్యాదకి. సరే, ఒప్పుకున్నావనే అనుకుని రాస్తున్నాను.

మా కుక్క సున్నం మా ఇంట్లో పదకొండేళ్ళు బతికింది. నువ్వు చూశావు గానీ అప్పటికి చిన్నపిల్లవి, నీకు గుర్తున్నది దాని తోక మాత్రమే అయ్యుంటుంది. దాన్ని తెచ్చినప్పుడు చెవిటిదని మాకెవరూ చెప్పలేదు, చూపించిన మొదటి డాక్టరు కూడా "కాస్త మొండి రకం, అలవాటవుతుంది" అని పంపేశాడు. వారం రోజులు నేనూ మొండిదనే అనుకుని దాని మీద అరిచాను. ఒకరోజు మీ అత్తయ్య చేతిలోంచి స్టీలు పళ్ళెం జారి గచ్చు మీద పడి, గిరగిరా తిరుగుతూ ఎంతసేపు మోగిందో! పక్కింటివాళ్ళు కూడా తొంగిచూశారు. సోఫాలో నిద్రపోతున్న సున్నం మాత్రం చెవి కొస కూడా కదపలేదు. మీ అత్తయ్య నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. వారం పాటు నేను అరిచిందంతా ఎవరి మీద?

కాబట్టి ముందు పరీక్ష సంగతి. వెనక నిలబడి చప్పట్లు కొడితే తిరగలేదు కాబట్టి చెవిటిదని, తిరిగింది కాబట్టి వినపడుతుందని తేల్చెయ్యకు. గాలి కదలిక, నేల అదురు, మన నీడ, వీటన్నిటినీ పసిగట్టి తిరుగుతాయి అవి. కచ్చితంగా తెలియాలంటే బేయర్ అని ఒక పరీక్ష ఉంది, తల చర్మం కింద సన్నటి సూదుల్లాంటి ఎలక్ట్రోడ్లు పెట్టి, ఒక్కో చెవిలో విడివిడిగా టిక్ టిక్ శబ్దాలు వినిపించి, మెదడు స్పందిస్తుందా లేదా రికార్డు చేస్తారు. ఒక చెవి మాత్రమే పోయిన కుక్కని పట్టుకోగలిగేది ఆ పరీక్ష ఒక్కటే. అందుబాటులో లేకపోతే దిగులు పడకు, ఇంట్లో నువ్వు చెయ్యాల్సింది దాని వల్ల పెద్దగా మారదు. చెవుల లోపల మాత్రం తప్పకుండా చూపించు, ఎందుకంటే పాత ఇన్ఫెక్షన్ల వల్ల కూడా చెవుడు వస్తుంది, దాంతోపాటు నొప్పి ఉంటుంది. ఆ నొప్పి నోరు తెరిచి చెప్పదు, చెయ్యి వేస్తే కసురుకుంటుంది, జనం కోపిష్ఠి కుక్క అని పేరు పెడతారు.

తెల్ల కుక్కల్లో ఇది ఎందుకు ఎక్కువంటే, ఒంటికి రంగునిచ్చే కణాలే లోపలి చెవిలో కూడా ఉండాలి. అక్కడవి లేకపోతే శబ్దాన్ని పట్టే సన్నటి రోమకణాలకి పోషణ అందక అవి చచ్చిపోతాయి. కూన పుట్టిన రెండు వారాలకి చెవి రంధ్రాలు తెరుచుకుంటాయి, నెల తిరక్కుండానే వినికిడి పోతుంది. పాపం, అది ఏదో కోల్పోయానని అనుకునే వయసు కూడా కాదు. అమెరికాలో డాల్మేషియన్లకి చేసిన పరీక్షల్లో నూటికి 8 దాకా రెండు చెవులూ వినపడనివి, 22 దాకా ఒక చెవి వినపడనివి తేలాయి. ఇలా పుట్టుకతో వచ్చినదానికి మందు లేదు, ఉందని ఎవరైనా చుక్కలు అమ్మితే డబ్బులు దాచుకో. మెర్ల్ అనే మచ్చల రంగు జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తే కళ్ళు కూడా దెబ్బతింటాయి, మా సున్నానికి కుడి కన్ను చిన్నదిగా, దాదాపు చూపు లేకుండా ఉండేది అందుకే. మీ దానికి కళ్ళు కూడా చూపించు. కళ్ళు బాగున్నాయంటే నీ పని సగం అయిపోయినట్టే, ఎందుకంటే ఇకనుంచి నీ గొంతు అంతా నీ చేతుల్లోనే ఉంటుంది.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. నిద్ర.

చెవిటి కుక్క కరిచింది అని వినపడే కథల్లో చాలావాటిలో అది నిద్రలో ఉంటుంది. మనం నడిచొస్తుంటే మామూలు కుక్క నిద్రలోనే మన అడుగులు లెక్కపెడుతుంది. దీనికి ఒంటి మీద చెయ్యి పడేదాకా ఎవరూ లేనట్టే. మీ నాన్న ఓసారి సోఫా మీద పేపరు చదువుతూ చూసుకోకుండా సున్నం మీద కూర్చోబోయాడు. అది ఉలిక్కిపడి లేచి నోటికి అందింది పట్టుకుంది, పోయింది చొక్కానే, చర్మం గీసుకోలేదు. బావ ఇప్పటికీ "మీ పిచ్చి కుక్క" అంటాడు. తప్పు దానిదీ కాదు, ఆయనదీ కాదు. నలుగురూ కూర్చునే సోఫాలో దాన్ని పడుకోబెట్టింది నేను.

అందుకని మొదటి రోజే దానికి ఒక మూల చూడు. వెనకనించి ఎవరూ రాలేని మూల, మనుషులు అటూ ఇటూ దాటని మూల. పిల్లలొస్తే ఆ మూలకి వెళ్ళకూడదంతే, బతిమాలినా వద్దు. ఇక లేపడం ఎలాగంటే, ముందు మెలకువగా ఉన్నప్పుడే నేర్పాలి. భుజం మీద రెండు వేళ్ళు మెల్లగా ఆనించు, అది తిరిగి చూసిన క్షణమే ఉడికించిన చికెన్ ముక్క నోట్లో పెట్టు. రోజుకి ఇరవై సార్లు, ముప్పై సార్లు, ఎప్పుడూ అదే చోట. కొన్నాళ్ళకి ఒంటిమీద చెయ్యి పడిందంటే దానికి చికెనే గుర్తొస్తుంది, భయం గుర్తురాదు. అప్పుడు నిద్రలో ఉన్నప్పుడు మొదలుపెట్టు, కానీ చెయ్యి ముందు మూతికి జానెడు దూరంలో ఉంచి ఆగు. సున్నం నిద్రలేచే వరస నాకు కంఠతా వచ్చు. మొదట ముక్కు రెండు సార్లు అదిరేది, తర్వాత తోక కొస పరుపు మీద ఒక్కసారి టప్పున కొట్టేది, ఆ తర్వాతే ఎడమ కన్ను తెరిచేది. తోక కొట్టాక గానీ నేను ముట్టుకునేవాణ్ణి కాదు. ముఖం మీద ఊదమని కొందరు చెప్తారు, నాకు నచ్చదు, నిన్ను ఎవరైనా అలా లేపితే నువ్వేమంటావు?

ఇంకోటి, ఇంట్లోంచి బయటికి వెళ్ళేటప్పుడు అది నిద్రపోతోంది కదా అని పిల్లిలా జారుకోకు. లేపి, వెళ్తున్నట్టు సైగ చేసి వెళ్ళు. చెప్పకుండా వెళ్తే, లేచి చూసేసరికి ఇల్లంతా ఖాళీగా ఉంటుంది, ఎప్పుడు పోయారో తెలీదు. అలా రెండు మూడు సార్లయిందంటే ఇక నిద్రపోకుండా నీ కాళ్ళకి అడ్డం పడి కూర్చుంటుంది. మేం ఆ తప్పు చేసి, సరిచేసుకోడానికి రెండు నెలలు పట్టింది.

సైగలు నువ్వనుకున్నంత కష్టం కాదు, నిజానికి కుక్కలకి మాటలకన్నా చేతులే తొందరగా ఎక్కుతాయి. ఏ సైగ అయినా ఒంటిచేత్తో చేసేదై ఉండాలి, రెండో చేతిలో తాడు ఉంటుంది కదా. బొటనవేలు పైకెత్తితే "శభాష్", దాని వెంటనే తిండి, మొదటి రెండు రోజులు ఇదొక్కటే చాలు. తర్వాత కూర్చో, రా, ఆగు, వద్దు. ఇంట్లో అందరూ ఒకే సైగ చెయ్యాలి, మా ఇంట్లో నేను "రా" అన్నదే మీ అత్తయ్య "పో" అన్నట్టుండి, పాపం అది గుమ్మంలో నిలబడి ఇద్దరినీ మార్చి మార్చి చూసేది. కాగితం మీద బొమ్మలు వేసి ఫ్రిజ్‌కి అంటించు. నోటితో మాట్లాడటం మాత్రం మానకు, వినపడక్కర్లేదు, మాట్లాడుతుంటే మన ముఖం సహజంగా కదులుతుంది, దాన్ని అవి చదువుతాయి. నోరు బిగించుకుని చేతులూపేవాణ్ణి చూస్తే కుక్కేంటి, నాకే భయమేస్తుంది.

అన్నిటికంటే విలువైన అలవాటు ఏంటంటే, నువ్వు అడక్కుండా అది తనంతట తాను తిరిగి నిన్ను చూసిన ప్రతిసారీ బహుమానం ఇవ్వడం. జేబులో ఎప్పుడూ నాలుగు ముక్కలు ఉండాలి. ఇది ఎందుకు చెప్తున్నానో విను. ఒకసారి మా గేటు గడియ సరిగ్గా పడలేదు, సున్నం రోడ్డు మీదికి వెళ్ళిపోయింది. నేను వెనకాల పరిగెడుతూ పేరు పెట్టి అరుస్తున్నాను, నాలుగేళ్ళుగా పెంచుతున్న చెవిటి కుక్కని! మలుపు దగ్గర అది అలవాటు ప్రకారం ఆగి వెనక్కి చూసింది. అప్పుడు బుద్ధొచ్చి, పరుగు ఆపి, అక్కడే రోడ్డు పక్కన గొంతుక్కూర్చుని చేతులు చాపాను. వచ్చేసింది. వెంటపడి ఉంటే ఆట అనుకుని ఇంకా ముందుకి పోయేది.

అందుకే గోడా కంచే లేని చోట తాడు విప్పొద్దు, ఎన్నేళ్ళు పెంచినా, ఎంత బాగా మాట విన్నా. పార్కులో పరిగెత్తాలంటే పది మీటర్ల పొడుగు తాడు కట్టు, అదీ మెడ పట్టీకి కాదు, ఛాతీకి వేసే హార్నెస్‌కి, లేకపోతే జోరుగా పోయి తాడు బిగిసినప్పుడు మెడ పట్టేస్తుంది. మెడ పట్టీకి "నాకు వినపడదు" అని, నీ ఫోన్ నంబరు రాసిన బిళ్ళ, చర్మం కింద మైక్రోచిప్ పెట్టించు. చిప్ అంటే జీపీఎస్ కాదు, ఎవరైనా దొరకబుచ్చుకుని స్కాన్ చేస్తేనే పనికొస్తుంది, చిప్ ఉందని ధీమా వద్దు. ఫోన్‌లా వణికే (వైబ్రేట్ అయ్యే) కాలర్లు కూడా దొరుకుతాయి. వణికితే నావైపు చూడు అని ఇంట్లో ఓపిగ్గా నేర్పితే మంచివే, షాక్ ఇచ్చే రకం మాత్రం ఇంటి గడప తొక్కనివ్వకు. రాత్రి పెరట్లోంచి పిలవాలంటే లైటు రెండుసార్లు ఆర్పి వెలిగిస్తే చాలు. లేజర్ లైటుతో, టార్చి చుక్కతో ఆడించొద్దు. కంటితోనే బతికే కుక్కలు ఆ వెలుగు పిచ్చిలో పడితే గోడల మీద నీడల వెంట గంటలకొద్దీ తిరుగుతాయి, మళ్ళీ మాన్పించడం నరకం.

కాలి సంగతి నాకంటే డాక్టరుకే తెలుస్తుంది. ఎక్స్‌రే తీయించి ఒకటే అడుగు, నొప్పి ఉందా, వంకర మాత్రమేనా అని. ఈలోపు నున్నటి నేల మీద జారకుండా పట్టాలు పరువు, మంచాల మీంచి దూకనివ్వకు, బరువు పెరగనివ్వకు. పాపం కుంటుతోంది కదా అని తెగ పెట్టేవాళ్ళే ఆ కాలికి శత్రువులు. తెల్లటి ఒళ్ళు కాబట్టి ఎండకి ముక్కు, చెవి అంచులు కమిలిపోతాయి, మిట్టమధ్యాహ్నం తిప్పకు.

మీ ఇంట్లో ఉన్న పెద్ద కుక్కతో ఎలా పడుతుందని అడిగావు. పెద్దది గుర్రుమంటే ఇది వినదు, అదే అసలు పేచీ. వినపడే కుక్క అయితే గుర్రుకే వెనక్కి తగ్గుతుంది, ఇది మీదికే పోతుంది, పాపం ఆ పెద్దది ఇంక పళ్ళు చూపించక ఏం చేస్తుంది. తిండి గిన్నెలు వేరే గదుల్లో పెట్టు, మొదటి రోజుల్లో ఇద్దర్నీ ఒంటరిగా వదలకు. కుదిరితే మాత్రం పెద్దదే దీనికి చెవులవుతుంది, బెల్లు మోగి అది లేస్తే ఇదీ లేస్తుంది.

షెల్టర్ వాళ్ళతో మొహమాటపడకుండా కాగితం మీద రాయించుకో. మందుల ఖర్చు ఎవరిది, అర్ధరాత్రి ఆపరేషన్ కావాలంటే నిర్ణయం ఎవరిది, నీకు కుదరకపోతే ఎన్ని రోజుల్లో వెనక్కి తీసుకుంటారు. ఇలా అడిగితే ఏమనుకుంటారో అని ఆగకు, మంచివాళ్ళు సంతోషిస్తారు.

దత్తత మాట ఇప్పుడే ఎత్తకు. మూడు రోజులు బెదురు, మూడు వారాలకి అలవాటు, మూడు నెలలకి అసలు స్వభావం అని కుక్కల్ని చూసేవాళ్ళు అంటుంటారు, నా అనుభవం కూడా దగ్గర దగ్గర అంతే. రెండో వారంలో అది నీ ఒళ్ళో తల పెట్టి పడుకుంటుంది, నువ్వు కరిగిపోయి సంతకం పెట్టేస్తావు, ఆ కంగారు వద్దు. పాపం అన్న జాలి ఆరు నెలలు నిలుస్తుంది, కుక్క పన్నెండేళ్ళు ఉంటుంది. వేరేవాళ్ళు అడగడానికొస్తే బాగున్నవన్నీ చెప్పి, రాత్రుళ్ళు వింత గొంతుతో మొరుగుతుందన్న సంగతి దాచకు. దాని గొంతు దానికే వినపడదు కదా, ఎంత గట్టిగా అరుస్తోందో తెలీదు. అన్నీ విని కూడా కావాలన్నవాళ్ళకే ఇవ్వు. ఎవరూ రాక, మూడు నెలల తర్వాత కూడా నీకు అదే కావాలనిపిస్తే ఉంచేసుకో, ఫోస్టర్ అనుకుని తెచ్చి ఉంచేసుకున్నవాళ్ళలో నువ్వు మొదటిదానివీ కాదు, మీ మావయ్య ఆఖరివాడూ కాదు.

శనివారం తెస్తానన్నావు. తెచ్చాక ఆ రోజంతా ఎవర్నీ పిలవకు, మీ నాన్నని అసలే పిలవకు. సున్నం పొడుగు తాడు అటక మీద ఉంది, గట్టిగానే ఉంది, మీ అత్తయ్య ఉతికి ఆరేసింది. హార్నెస్ మాత్రం దీనికి సరిపోతుందో లేదో, ముందరి కాళ్ళ వెనక ఛాతీ చుట్టూ టేపు పెట్టి కొలత పంపు.

మావయ్య