ఊరు ఎంచుకునేది ఇద్దరు, చివరికి ఉండేది ఒక్కరు

ప్రశ్న: నా వయసు 57. మావారు ఇంకో ఎనిమిది నెలల్లో రిటైర్ అవుతున్నారు. మహానగరంలో రద్దీ, ఖర్చు ఇక భరించలేం. సముద్రం ఒడ్డున ఉక్కపోత ఆయనకు పడదు. అందుకే లోపలి ప్రాంతంలో ఏదైనా చిన్న నగరంలో స్థిరపడదామని ఇద్దరం అనుకున్నాం. అంతవరకు గొడవ లేదు. కొండల మధ్య చల్లగా ఉండే ఒక ఊరికి వెళ్దామని ఆయన పట్టు. ఉద్యోగం కొత్తలో నాలుగేళ్లు అక్కడే పనిచేశారు. ఊరికి తొమ్మిది కిలోమీటర్ల దూరంలో తోట ఉన్న ఇల్లు ఒకటి చూసిపెట్టారు. ఇక్కడి ఫ్లాట్ అమ్మేసి అది కొందామంటున్నారు. నాకేమో మా అక్కయ్య ఉండే ఊరు ఇష్టం. అక్కడ ఎండలు ఎక్కువే, చూడ్డానికి ప్రత్యేకంగా ఏమీ ఉండదు. కానీ పెద్ద ఆసుపత్రి, కాలేజీలు ఉన్నాయి. నాకు బండి నడపడం రాదు, మోకాళ్ల నొప్పులు. ఆయనకు బీపీ, చలికాలం వస్తే ఆయాసం. ‘మీ అక్క ఊళ్లో బతకడానికా నేను రిటైరయ్యేది’ అంటారు. ఈ విషయం ఎత్తితే చాలు, రెండు రోజులు మాటలుండవు. అమ్మాయి వేరే దేశంలో ఉంది, ‘మీ ఇష్టం’ అంటుంది. నేనే సర్దుకుపోవాలా?

జవాబు: అమ్మా, సర్దుకుపోవద్దు. అలాగని గెలవాలనీ చూడొద్దు. ఈ విషయంలో ఒకరు గెలిచి ఇంకొకరు ఓడితే, ఓడినవాళ్లు ఆ ఊళ్లో ప్రతి చిన్న ఇబ్బందికీ ‘నేను ముందే చెప్పాను’ అంటూ బతుకుతారు. కరెంటు పోయినా అదే మాట, పనిమనిషి రాకపోయినా అదే మాట. మీ ఇద్దరికీ అలాంటి ముసలితనం వద్దు.

ముందుగా మీ ఆయన వైపు నుంచి చూద్దాం. ఆయన కోరుకుంటున్నది ఆ ఊరు ఒక్కటే కాదని నాకు అనిపిస్తోంది. ఆ ఊళ్లో ఆయన పాతికేళ్ల కుర్రాడు. కొత్త ఉద్యోగం, ఆరోగ్యం, ముందు బోలెడంత జీవితం. ఇంకో ఎనిమిది నెలల్లో కుర్చీ పోతుంది, ఫోన్లు తగ్గుతాయి, పొద్దున్నే తయారై వెళ్లే చోటు ఉండదు. ఆ భయాన్ని మగవాళ్లు చాలామంది నోరు తెరిచి చెప్పరు, దానికి బదులు ఒక ఇల్లు, ఒక తోట చూపిస్తారు. దాన్ని మీరు కాదన్నప్పుడల్లా ఆయనకు తన పాత రోజుల్ని కాదన్నట్టు ఉంటుంది. అందుకే అంత కోపం. మీరు ‘ఆ ఊరు వద్దు’ అనడం కొన్నాళ్లు ఆపి, ‘అక్కడ మీకు ఏం బాగుండేదో చెప్పండి’ అని అడగండి. మనస్ఫూర్తిగా, వినడానికే అడగండి. మొక్కలు పెంచడమా, నిశ్శబ్దమా, నలుగురూ గుర్తుపట్టి పలకరించడమా? మొక్కలైతే ఏ ఊళ్లోనైనా పెంచుకోవచ్చు. పలకరింపులే అయితే ఆ రోజుల్లో ఆయనతో పనిచేసినవాళ్లలో ఇప్పటికీ అక్కడే ఉన్నవాళ్లెవరో ఆయన చేతే ఆరా తీయించండి. వాళ్లూ రిటైరై పిల్లల దగ్గరికి వెళ్లిపోయి ఉండొచ్చు. ఆ సంగతి మీరు చెప్తే వాదన అవుతుంది, ఆయనే తెలుసుకుంటే ఆలోచన అవుతుంది.

ఇప్పుడు మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి. వినడానికి కష్టంగా ఉంటుంది, కానీ మీ ప్రశ్నకు ఇదే మూలం. మీరిద్దరూ ఇద్దరి కోసం ఊరు వెతుకుతున్నారు. ఆ ఊళ్లో చివరి కొన్నేళ్లు ఉండేది మాత్రం బహుశా ఒక్కరే. దాదాపు అన్ని దేశాల్లోనూ ఆడవాళ్ల ఆయుర్దాయం మగవాళ్లకంటే ఎక్కువ. పైగా భార్య వయసులో చిన్నదైతే ఆమె ఒంటరిగా గడిపే కాలం ఇంకా పెరుగుతుంది. అలాగని మీ ఆయనే మిగలొచ్చు కూడా. భార్య పోయాక మగవాళ్ల ఆరోగ్యం త్వరగా దెబ్బతింటుందని ఎన్నో పరిశోధనలు చెబుతున్నాయి. ఎవరు మిగిలినా, ఊరికి తొమ్మిది కిలోమీటర్ల దూరంలో, తోట మధ్య ఇంట్లో ఆ ఒక్కరూ రోజెలా గడుపుతారు? మీకైతే బండి రాదు. ఆయనకు చూపు మందగించి తాళాలు పక్కన పెట్టే రోజు వస్తే, అప్పటికి ఇద్దరూ ఉన్నా ఇద్దరూ ఇంట్లో చిక్కుకున్నట్టే.

యూజీన్ లిట్వాక్, చార్లెస్ లాంజినో అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు 1987లో, వయసుపైబడినవాళ్లు ఇల్లు మారే తీరును మూడు దశలుగా వివరించారు. రిటైరైన కొత్తలో ఒంట్లో శక్తి ఉంటుంది కాబట్టి మంచి వాతావరణం, ప్రశాంతత వెతుక్కుంటూ వెళ్తారు. జబ్బుతోనో, తోడు పోయో రోజువారీ పనులు కష్టమైనప్పుడు పిల్లలకో అయినవాళ్లకో దగ్గరగా మారతారు. ఇక ఇంట్లో చూసుకోవడం అసలే కుదరనప్పుడు సంరక్షణ కేంద్రానికి. అందరూ ఈ మూడూ మారాలని లేదు. కానీ మీ గొడవ చూస్తుంటే నాకు అదే గుర్తొచ్చింది. మీ ఆయన మొదటి దశకు ఊరు చూస్తున్నారు, మీరు రెండో దశకు చూస్తున్నారు. ఇద్దరిదీ తప్పు కాదు, ఇద్దరూ మాట్లాడుతున్నది వేర్వేరు వయసుల గురించి. ఈ ముక్క ఆయనకు ఇలాగే చెప్పి చూడండి. ‘మీరు చెప్పింది అరవైకి బాగుంటుంది, నేను డెబ్భై అయిదు గురించి భయపడుతున్నాను’ అంటే అందులో మీ అక్కయ్య ప్రస్తావనే రాదు.

వైద్యం విషయానికొస్తే, ‘పెద్ద ఆసుపత్రి ఉంది’ అని ఊరుకోకండి. బోర్డు పెద్దదైతే సరిపోదు. రక్తనాళం మూసుకుపోవడం వల్ల వచ్చే పక్షవాతానికి గడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇస్తారు, అది కూడా స్కాన్ తీసి చూశాకే. గుండెపోటులో రోగి ఆసుపత్రికి చేరిన 90 నిమిషాల్లో మూసుకున్న రక్తనాళాన్ని తెరవాలన్నది డాక్టర్లు పెట్టుకునే లక్ష్యం. కాబట్టి రెండు ఊళ్లలోనూ అడగాల్సినవి ఇవి: రాత్రి రెండింటికి వెళ్తే స్కాన్ తీస్తారా? గుండె డాక్టరు ఊళ్లోనే ఉంటారా, వారానికోసారి వచ్చి వెళ్తారా? అంబులెన్స్ ఇంటికి రావడానికి ఎంతసేపు పడుతుంది? మీరు చూసిపెట్టిన ఇంటి నుంచి సాయంత్రం రద్దీలో ఒకసారి ఆసుపత్రి దాకా వెళ్లి చూడండి. బీపీ ఉన్న మనిషికి ఈ సమాధానాలే తోటకంటే ముందు కావాలి.

వాతావరణం గురించి కూడా కొంచెం చెప్పాలి, ఎందుకంటే మీ ఇంట్లో గొడవ సగం దాని చుట్టూనే తిరుగుతోంది. సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్లలో పగటికీ రాత్రికీ, ఎండాకాలానికీ చలికాలానికీ తేడా ఎక్కువ. తీరంలో నీరు ఆ తేడాను తగ్గిస్తుంది, లోపలికి వెళ్లేకొద్దీ ఆ ఆసరా ఉండదు. మీరు కోరుకుంటున్న ఊరి ఎండను తేలిగ్గా తీసుకోవద్దు. వయసు పెరిగేకొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది, చెమట పట్టడమూ తగ్గుతుంది. బీపీ మందుల్లో కొన్ని ఒంట్లో నీటిని బయటికి పంపేవి ఉంటాయి. ఆయన వాడుతున్న మందుల గురించి డాక్టర్ని అడిగి, ఎండాకాలంలో ఏం జాగ్రత్త పడాలో ముందే తెలుసుకోండి.

కొండల మధ్య ఊరి చల్లదనం నిజమే. ఎత్తుకు వెళ్లేకొద్దీ ప్రతి వెయ్యి మీటర్లకు సగటున ఆరున్నర డిగ్రీల వేడి తగ్గుతుంది. అయితే కొండలు చుట్టూ ఉన్న పల్లపు చోట్ల చలికాలపు రాత్రుల్లో చల్లటి గాలి కిందకు దిగి అక్కడే నిలిచిపోతుంది, దాని మీద వెచ్చటి గాలి మూత వేసినట్టు ఉంటుంది. పొగ, దుమ్ము పైకి పోలేక ఊరి మీదే ఉండిపోతాయి. చలికాలంలో ఆయాసం వచ్చే మనిషికి ఇది చిన్న విషయం కాదు. ఆ ఊరు అలాంటి పల్లంలో ఉందో లేదో నాకంటే మీకే తెలియాలి. మీ ఆయన అక్కడ ఉన్నది కుర్రతనంలో. అప్పుడు పడిన గాలి ఇప్పుడూ పడుతుందనుకోకూడదు. అందుకే ఆ ఊరికి వసంతంలోనో సెలవుల్లోనో కాకుండా, నిండు చలికాలంలో వెళ్లి ఉండి చూడమంటాను. మీ అక్కయ్య ఊరికి మండుటెండల్లో వెళ్లండి. ఏ ఊరైనా తన చెడ్డ నెలలో ఎలా ఉంటుందో చూస్తేనే తెలుస్తుంది.

ఇప్పుడు మీ వైపు లోటు చెప్తాను, కోపగించుకోకండి. అక్కయ్య ఉంది కాబట్టి ఆ ఊరు మనదే అనుకోవడం కూడా సరైన లెక్క కాదు. ఆవిడ మీకంటే పెద్ద. రేపు వాళ్ల పిల్లలు తీసుకెళ్లిపోతే? ఆవిడకే ఒంట్లో బాగోకపోతే? మీరు వెళ్లింది తోడు కోసం అయితే, మిగిలేది సేవ చేయడం కావచ్చు. అదొక్కటే కాదు. అక్కడ మీ ఆయన పొద్దున లేచి ఎక్కడికి వెళ్తారు, ఎవరితో మాట్లాడతారు? మీ అక్కయ్య ఇంటికి చుట్టపుచూపుగా వెళ్లి కూర్చోవడం తప్ప ఆయనకంటూ ఏమీ లేకపోతే, ‘మీ అక్క ఊరు’ అన్న మాటలో న్యాయం ఉన్నట్టే. పరిచయం స్నేహంగా మారడానికి ఎంతసేపు పడుతుందో 2018లో ప్రచురించిన పరిశోధనలో జెఫ్రీ హాల్ అంచనా వేశారు. మామూలు స్నేహానికి సుమారు 50 గంటలు, దగ్గరి స్నేహానికి 200 గంటల పైన కలిసి గడపాలట. వారానికి రెండు గంటల చొప్పున కలిసినా దగ్గరి స్నేహానికి దాదాపు రెండేళ్లు. కాబట్టి ఊరు మారడం అరవైలోనే మంచిది, మరీ ముఖ్యంగా రోజూ మనుషులు కలిసే చోటికి మారడం మంచిది. ఆయనకు తెలిసిన పని ఏదైనా అక్కడి కాలేజీలోనో, సేవాసంస్థలోనో వారానికి రెండు రోజులు చేసే వీలుందేమో ముందే కనుక్కోండి. కాలేజీలున్న ఊళ్లో అలాంటి అవకాశాలు ఎక్కువ. మీ అక్కయ్య గురించి చెప్పేకంటే ఇది ఆయనకు నచ్చే కారణం.

ఇదంతా విన్నాక మీరిద్దరూ గమనించాల్సింది ఒకటుంది. ఈ ఊరా ఆ ఊరా అన్న తేడాకంటే, ఆ ఊళ్లో ఇల్లు ఎక్కడ అన్న తేడా పెద్దది. ఆయన చెప్పిన ఊళ్లోనే, నడిచి వెళ్లే దూరంలో మందుల షాపు, బస్సు, కూర్చుని మాట్లాడే పార్కు ఉన్న వీధిలో ఇల్లు దొరికితే నాకు పెద్దగా అభ్యంతరం ఉండదు. మీ అక్కయ్య ఊళ్లో కూడా శివార్లలో, లిఫ్టు లేని రెండో అంతస్తులో ఉంటే ఆసుపత్రి ఉండి ఏం లాభం, మోకాళ్ల నొప్పులతో మీరు మెట్లు దిగరు. నా మొగ్గు ఎటంటే, మీరు చెప్పినంత వరకు మీ ఊరి వైపే. కానీ కారణం అక్కయ్య కాదు. వైద్యం దగ్గర, బండి లేకుండా బతకొచ్చు, ఆయనకు చేయడానికి పని దొరకొచ్చు. తొమ్మిది కిలోమీటర్ల ఇంటికి మాత్రం నేను ఒప్పుకోను.

ఫ్లాట్ ఇప్పుడే అమ్మనివ్వకండి. ఇందులో మాత్రం గట్టిగా ఉండండి. చిన్న ఊళ్లలో ఇల్లు కొనడం తేలిక, నచ్చకపోతే అమ్మడమే కష్టం, ఎందుకంటే కొనేవాళ్లు తక్కువ. ఫ్లాట్ అద్దెకిచ్చి, ఆ డబ్బుతో ఏడాది పాటు అద్దె ఇంట్లో ఉండి చూడండి. చలికాలం ఆయన ఊళ్లో, ఎండాకాలం మీ ఊళ్లో. టూరిస్టుల్లా కాదు. బ్యాంకు పని, రక్తపరీక్ష, కారుతున్న కుళాయి బాగు చేయించడం, మధ్యాహ్నం నాలుగింటికి ఏం తోచనప్పుడు ఏం చేశారు, ఇవన్నీ చూసుకోండి. కొన్ని రోజులు ఆయన బండి తీయకుండా ఉండాలి, కొన్ని రోజులు ఆయన లేకుండా మీరొక్కరే ఉండాలి, మీరు లేకుండా ఆయన ఉండాలి. ఎవరికి ఎక్కడ ఊపిరాడుతుందో అప్పుడు వాదించుకోకుండానే తెలుస్తుంది.

రిటైర్మెంటు డబ్బంతా ఇంట్లో పోయకండి. ధరలు ఏడాదికి ఆరు శాతం పెరిగితే పన్నెండేళ్లలో రెట్టింపవుతాయి. ఇవాళ నెలకు సరిపోయేది మీ 70వ ఏట సగానికే సరిపోతుంది. రెండోసారి ఇల్లు మారాల్సి రావచ్చు కాబట్టి దానికి కొంత విడిగా ఉంచుకోండి. ఆయన తర్వాత మీకు వచ్చే పింఛను ఎంతో ఇప్పుడే కాగితం మీద చూసుకోండి. అడగడానికి మొహమాటపడకండి.

అమ్మాయి ‘మీ ఇష్టం’ అనడంలో ప్రేమ ఉంది, కానీ రాత్రిపూట ఫోను వెళ్లేది తనకే. విమానాశ్రయం నుంచి ఏ ఊరికి ఎంతసేపట్లో రాగలదో, అవసరమైతే ఎన్ని రోజులు ఉండగలదో తననే చెప్పమనండి. ఊరు ఎంచమని కాదు, ఆ రెండు ప్రశ్నలకు జవాబు ఇవ్వమని.

ఏడాది తర్వాత కూడా ఆయన మనసు ఆ కొండల ఊరిమీదే ఉంటే, ఆయాసం రాకుండా ఉంటే, మీకూ అక్కడ నలుగురు తెలిసినవాళ్లు ఏర్పడితే, వెళ్లండి, సందేహం పెట్టుకోకుండా వెళ్లండి. ఇల్లు మాత్రం ఊళ్లోనే చూసుకోండి, ఇద్దరి పేరు మీదా రిజిస్ట్రేషన్ చేయించండి. ఈలోపు ఆ తోట ఇంటికి అడ్వాన్సు ఇవ్వకుండా ఆపడమే మీ మొదటి పని.