ఇద్దరే అట్లాంటిక్ దాటాలంటే: నిద్ర, చుక్కాని, తాళ్ళ రాపిడి

36 అడుగుల తెరచాప పడవలో భార్యాభర్తలిద్దరే కానరీ దీవుల్లోని లాస్ పాల్మాస్ నుంచి కరీబియన్‌లోని బార్బడోస్‌కి వెళ్ళొచ్చా, రాత్రుళ్ళు ఎలా అని అడిగారు. వెళ్ళొచ్చు. దూరం దాదాపు 2,700 నాటికల్ మైళ్ళు. సగటున అయిదున్నర నాట్లు (నాటు అంటే గంటకు ఒక నాటికల్ మైలు) నడిచినా మూడు వారాలు పడుతుంది, సరుకులు మాత్రం 30 రోజులకు వేసుకోండి. హరికేన్ సీజన్ నవంబర్ 30తో ముగుస్తుంది కానీ ఈశాన్య వ్యాపార పవనాలు కుదురుకునేసరికి తరచూ డిసెంబర్ సగం గడుస్తుంది. తొందరపడకండి.

ఇద్దరి ప్రయాణంలో అసలు సరుకు నిద్రే. చుక్కాని దానంతట అది నడిస్తేనే అది దొరుకుతుంది. కరెంటుతో చుక్కాని తిప్పే ఆటోపైలట్ పోయి చేత్తో తిప్పాల్సి వస్తే రెండు రోజుల్లో ఇద్దరూ డీలా పడిపోతారు. అందుకే ఆటోపైలట్, గాలితో నడిచే విండ్‌వేన్ రెండూ ఉండాలి. ఈ సైజు పడవలో ఆటోపైలట్ సగటున 3-4 ఆంపియర్లు లాగుతుంది, అంటే రోజుకు 70 నుంచి 100 ఆంపియర్-అవర్లు. లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగమే వాడాలన్నది మరవకండి. పైగా పడవ పడమరకు పోతుంది కాబట్టి మధ్యాహ్నం దాటితే తెరచాపల నీడ వెనక ఉన్న సోలార్ ప్యానెల్స్ మీద పడుతుంది, లెక్క తప్పేది అక్కడే. విండ్‌వేన్‌కి కరెంటు అక్కర్లేదు. కానీ వెనక గాలి 10 నాట్లే ఉండి పడవ 5 నాట్లు పోతుంటే దానికి తగిలేది మిగిలిన 5 నాట్లే, అప్పుడు దారి తప్పుతుంది. ఆ గాలికి ఆటోపైలట్టే దిక్కు. విండ్‌వేన్ తాళ్ళు అరిగిపోతాయి, అదే మందం తాడు 20 మీటర్లు అదనంగా పెట్టుకోండి. సముద్రం మీద తేలే సర్గాసం నాచు విండ్‌వేన్ తెడ్డుకు చుట్టుకుంటే స్టీరింగ్ బరువెక్కుతుంది, పొడవాటి బోట్‌హుక్‌తో లాగేయాలి.

రాత్రి మూడేసి గంటల వంతులు, రోజూ అవే వేళలు. వేళలు మారుస్తుంటే ఒంటికి అలవాటు పడదు. మొదటి మూడు రాత్రులే నరకం. కాపలాలో ఉన్నవాళ్ళు కునుకు తీయకూడదు, నియమమూ అదే. అయినా వంటింటి టైమర్ ఒకటి మెడలో వేసుకుని 10 నిమిషాలకు పెట్టండి. ఎదురుగా 20 నాట్లతో వచ్చే ఓడ, మీ 5 నాట్లు కలిపితే 25. ఆరు మైళ్ళ దూరంలో దీపం కనబడ్డ ఓడ పావుగంటలోపే మీదికొస్తుంది. చుట్టుపక్కల ఓడల్ని రేడియోతో పసిగట్టే ఏఐఎస్ అలారం ఉందిగా అనుకోవద్దు, చిన్న పడవలు చాలావాటికి అది ఉండదు.

ఇక రాపిడి. వెనక గాలిలో వారాల తరబడి ఒకే చోట తాడు ఒరుసుకుంటూనే ఉంటుంది. మాస్ట్ (తెరచాప స్తంభం) పైన కప్పీ మీద హల్యార్డ్ (తెరచాపను పైకి లాగే తాడు) ఆనే చోటు మారేలా రెండ్రోజులకోసారి పిడికెడు మేర సడలించండి లేదా బిగించండి. జెనోవా (ముందుండే పెద్ద తెరచాప) షీట్, అంటే దాన్ని లాగి పట్టే తాడు, ఆ తెరచాపను పక్కకు చాపి ఉంచే పోల్ కొస దగ్గర అరుగుతుంది, అక్కడ పాత హోస్ పైపు ముక్క తొడగండి. బూమ్ (మాస్ట్ వెనకుండే మెయిన్‌సెయిల్ తెరచాప అడుగున ఉండే అడ్డకర్ర) అటునుంచి ఇటు కొట్టకుండా ప్రివెంటర్ అనే తాడు కట్టేటప్పుడు బూమ్ కొస నుంచే కట్టి, పడవ ముందు భాగంలోని క్లీట్ (తాడు బిగించే కొమ్ము) చుట్టూ తిప్పి, చుక్కాని దగ్గర కూర్చునే కాక్‌పిట్‌లోకి తెచ్చుకోండి. మధ్యలో కడితే పెద్ద అలకు బూమ్ అక్కడే విరగొచ్చు. నన్నడిగితే రాత్రి మెయిన్‌సెయిల్ దించేసి పోల్ వేసిన జెనోవా ఒక్కటే ఉంచడం మేలు. పడవ ఎక్కువ ఊగుతుంది, నిజమే. కానీ చీకట్లో స్క్వాల్ (ఒక్కసారిగా విరుచుకుపడే గాలివాన) వస్తే కాక్‌పిట్ నుంచే ఒక్కరు చుట్టేయొచ్చు, నిద్రపోయేవాళ్ళను లేపక్కర్లేదు.

రెండోవాళ్ళు లేవకుండా రాత్రి కాక్‌పిట్ దాటి ఎవరూ ముందుకు వెళ్ళకూడదు. పగలైనా రాత్రైనా బెల్టు కొక్కెం డెక్ పొడవునా కట్టిన తాడు, జాక్‌లైన్‌కి తగిలించే నడవాలి. నీళ్ళలో పడ్డ మనిషిని ఒక్కరే పైకి లాగడం దాదాపు అసాధ్యం. హల్యార్డ్‌ని వించ్‌కి (తాడు లాగే చేతి యంత్రం) చుట్టి లేపడం రేవులోనే సాధన చేయండి, తక్కువ బరువున్నవాళ్ళే తిప్పి చూడాలి.

తాగడానికి, వంటకు మనిషికి రోజుకు 4 లీటర్లు, అంటే 30 రోజులకు 240. అందులో 60 లీటర్లు విడిగా క్యాన్లలో ఉంచండి, ట్యాంకు నీళ్ళు చెడినా బతుకుతారు. వంటకు ప్రెషర్ కుక్కర్‌ని మించింది లేదు: మూత బిగిసి ఉంటుంది కాబట్టి పడవ ఒరిగినా వేడి పప్పు ఒంటి మీద ఒలకదు.